మీసం కింద పుట్టుమచ్చ

2018 జూలై 2, సోమవారం ఉదయం పదిన్నరకు నేను అనంతపురంలో ఒక స్మారక భవనంలో క్యురేటరుగా చేరాను. అది డిప్యుటేషన్ పోస్టు. అంటే జీతమూ సర్వీసూ మాతృశాఖలోనే ఉంటాయి, పని మాత్రం వేరే చోట. మ్యూజియం శాఖలో అప్పటికి నాది ముప్పై మూడేళ్ల సర్వీసు. రిటైర్మెంటుకు ఇంకా పదమూడు నెలల ఇరవై తొమ్మిది రోజులు ఉన్నాయి.

ఆ భవనం ఈ జిల్లా నాయకుడొకరి పేరున కట్టింది. కరువు సంవత్సరాల్లో గంజి కేంద్రాలు నడిపి, జైలుకు వెళ్లి, తర్వాత చాలాకాలం శాసనసభలో కూర్చున్న మనిషి. ఈ వైపు ఆయనను పేరు పెట్టి ఎవరూ అనరు. పెద్దాయన అంటే చాలు. నేనూ అలాగే రాస్తాను. భవనంలో ఒక హాలు ఆయన చిత్రపటాలకు కేటాయించారు. చిన్న వయసు నుంచి చివరిదాకా వరుసగా ఫోటోలు పెట్టాలని ఉద్దేశం. నకళ్లు కాదు, ఆ కాలంలో స్టూడియోల్లో తీసి అచ్చువేసిన అసలు ఫోటోలు. నవంబరు 25న ఆయన జయంతి, అదే ప్రారంభోత్సవం. నాకు ఉన్నది నాలుగు నెలల ఇరవై మూడు రోజులు.

పాత ఫోటోలు సేకరించడమంటే ఇళ్లు తిరగడం. పెద్దాయన పటాలు ఈ జిల్లాలో దేవుడి గూళ్లలో ఉంటాయి. అద్దం మీద గంధం, కుంకుమ, పైన ప్లాస్టిక్ దండ, కొన్నిళ్లలో రంగు బల్బుల తోరణం. దండ తీయమని అడగడం, అద్దం విప్పమని అడగడం, వెనక అట్ట చూపించమని అడగడం, ఒక్కోదానికి ఒక్కో టీ తాగాలి. అక్టోబరు మొదటివారానికి 63 ఇళ్లకు వెళ్లాను, 118 పటాలు చూశాను. అందులో 71 ఒకే క్యాలెండరు బొమ్మకు నకళ్లు. 12 అసలు ఆయనవే కావు, పోలికను బట్టి ఎవరో పొరబడ్డవి. 4 చెదలు తిన్నవి. మిగిలినవి 31.

ఆ 31లో ఒక లోపం ఉంది. అన్నీ ఆయనకు యాభై దాటిన తర్వాతవే. మా స్పెషల్ ఆఫీసరు ప్రసాదరావు గారు, అంటే భవనం నిర్వహణ మొత్తం చూసే అధికారి, ప్రతి శనివారం రివ్యూలో ఒకటే అడిగేవారు, పెద్దాయన యువకుడిగా ఉన్న ఫోటో ఒక్కటీ దొరకదా అని. దొరకలేదని ప్రతి శనివారం చెప్పేదాన్ని.

పెద్దాయనను గుర్తుపట్టడానికి మాకు రెండు ఆధారాలు. ఆయన జీవితంలో ఎప్పుడూ మీసం పెంచలేదు. పైపెదవి మీద ఆయనకు కుడివైపు, చూసేవారికి ఎడమవైపు, కందిగింజంత పుట్టుమచ్చ ఉంటుంది. ఈ రెండూ సరిపోకపోతే నేను ఏ పటాన్నీ రిజిస్టరులో ఎక్కించేదాన్ని కాదు.

అక్టోబరు 10, బుధవారం తాడిపత్రికి ఏడు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరికి వెళ్లాను. అక్కడ చూడవలసిన పటం మళ్లీ క్యాలెండరు బొమ్మే అయింది. జీపు ఎక్కబోతుంటే నారాయణ అనే యాభై ఏళ్లాయన వచ్చి ఆపాడు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు. కనురెప్పల మీద కూడా తెల్లటి రాతిపొడి.

"మేడమ్, మా ఇంట్లో ఒక పాత పటముండాది. పెద్దాయనది కాదులే, మా తాతది. దుమ్ము దూరి పాడైపోతాంది. ఒకతూరి చూసిపోండి, మీకు తెలుస్తాది కదా."

మర్యాద కోసం వెళ్లాను. అద్దం లోపలికి పాలిష్ పొడి చేరి, ఫోటో మీద పేస్టులా గట్టిపడింది. చెమ్మకు బూజు కూడా పట్టింది. అందులో ఒక నడివయసు మనిషి, చేతులకు సింహం తలలు చెక్కిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలగుడ్డ, మెలితిరిగిన మీసం, ఎడమ కనుబొమ్మ మీద గాటు. ఫోటో అంచున ఉబ్బెత్తు ముద్ర మీద వేలు పెట్టి చూశాను. గుంతకల్లు స్టేషన్ దగ్గర ఒకప్పుడు పేరున్న స్టూడియో ముద్ర అది. నా 31లో రెండింటి మీద అదే ముద్ర ఉంది. ఆ స్టూడియో కాగితం, అచ్చు ఎలాంటివో పరిశీలించడానికి పనికొస్తుందని, శుభ్రం చేసి ఇస్తానని చెప్పాను.

నారాయణ తల్లి సుంకులమ్మ గడప దగ్గర చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. పటంలో ఉన్నది ఆమె తండ్రి. తాత్కాలిక రసీదు రాశాను. ఇంటివారి వస్తువును మా దగ్గర కొన్నాళ్లు ఉంచుకుని, ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇస్తామని రాసిచ్చే కాగితం అది. గడువు ఇరవై ఒక్క రోజులు, అక్టోబరు 31 దాకా. వివరం అన్న చోట 'గుర్తు తెలియని పురుషుడు' అని రాశాను. నారాయణ దాన్ని చదివి వినిపించాడు.

సుంకులమ్మ చేట పక్కన పెట్టింది. "గుర్తు తెలీకపోవడమేందమ్మా? మా నాయన. నేను చెప్తాండా కదా."

కాగితం ఆధారం ఉంటేనే పేరు రాయాలని మాకు నియమం ఉందని చెప్పాను.

"కాగితాలు చెప్పినంక నన్ను కన్నాడా మా నాయన?" అంది. నారాయణ నవ్వాడు. నేను రసీదు మార్చలేదు.

అక్టోబరు 22, సోమవారం ఆ పటాన్ని బల్ల మీదకు తీసుకున్నాను. మా పద్ధతి ఇలా ఉంటుంది. ముందు ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయాలి. స్థితి పత్రం రాయాలి, అంటే ఎక్కడ ఏ మరక, ఏ చిరుగు ఉందో కొలతలతో సహా. మెత్తటి కుంచెతో పొడిదుమ్ము దులపాలి. తర్వాత తడిపరీక్ష. పుల్లకు దూది చుట్టి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, బాగా పిండి, కంటికి కనపడని ఒక మూల సెంటీమీటరు మేర ఆనించి చూడాలి. చిత్రం కదలకపోతే పని మొదలుపెట్టవచ్చు. కుడి కింది మూలలో పరీక్ష చేశాను. తెల్లపొడి మాత్రమే వచ్చింది. చిత్రం కదలలేదు.

వెనక తెర, భుజం, గడ్డం దాకా సజావుగా సాగింది. పెదవి దగ్గర దూది నల్లగా వచ్చింది. ఈ పటం పొయ్యి ఉన్న గది గోడకే ఇన్నేళ్లు ఉంది కదా, పొగమసి అనుకున్నాను. దూది మార్చి మరో రెండుసార్లు తుడిచాను. మూడోసారి చేయి తీసి చూస్తే, మీసం ఒక వైపు లేదు. లేనిచోట నున్నటి పైపెదవి, దాని మీద కందిగింజంత పుట్టుమచ్చ ఉన్నాయి.

టైము చూసుకున్నాను. పదకొండూ నలభై. భూతద్దం తెచ్చుకుని చెవి ఆకారం, గడ్డం కింది గుంట మిగతా పటాలతో పోల్చాను. అన్నీ కుదిరాయి. సుంకులమ్మ తండ్రి మీసం కింద ఉన్నది ముప్పై ఏళ్ల పెద్దాయన.

నాకు మొదట కలిగింది సంతోషమే. అది దాచిపెడితే ఈ కథనంలో లెక్క తప్పుతుంది. నాలుగు నెలలుగా జిల్లా అంతా వెతికినది నా బల్ల మీద ఉంది. ఒక నిమిషం తర్వాత స్కేలు పెట్టి కొలిచాను. మీసం మొత్తం 46 మిల్లీమీటర్లు. పోయింది 19. ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇస్తానని సంతకం పెట్టిన వస్తువు అది. గడువు తొమ్మిది రోజులు.

పటం మీద టిష్యూ కప్పి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ మధ్యాహ్నం తాళం వేశానో లేదో అని నాలుగుసార్లు లేచి చూశాను. భోజనం డబ్బా విప్పకుండానే ఇంటికి తీసుకెళ్లాను. ఎవరైనా బీరువా వైపు నడిస్తే కాగితాల మీద రాయడం ఆగిపోయేది. మీసం మళ్లీ నేనే దిద్దేసి ఏమీ జరగనట్టు ఇచ్చేయవచ్చు. ఆ పని నాకు వచ్చు, ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రెండు రోజులు నా దగ్గరే ఉంది.

24న గుంతకల్లు వెళ్లాను. పాత స్టూడియో స్థలంలో ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు, ఫ్లెక్సీలు చేసే చిన్న షాపు ఉంది. నడిపే ఖాదర్ బాషా ఆ ఫోటోగ్రాఫరు మనవడు. విషయం సగం చెప్పేసరికే అతనికి అర్థమైంది.

"పోలిక పటం మేడమ్ అది. మా తాత చచ్చిపోయినోళ్లకు ఫోటోలు తీసేటోడు."

శవానికా అని అడిగాను.

"శవముంటే సులువే కదా మేడమ్. శవం గూడా లేనోళ్లకు! మనిషి పోయి నెలలైనాక ఇంటోళ్లు వచ్చేటోళ్లు. ఒక్క ఫోటో గూడా ఉండదు. తాత తన దగ్గరుండే ప్లేట్లు తెచ్చి ముందర పెట్టేటోడు. ఇందులో మీవాడి పోలిక యాడుందో చూడండి అని. ఒకటి పట్టుకుంటారు. దాన్ని పెద్దగా అచ్చేస్తే, స్టూడియోలో రంగులేసే ఆయన, రంగులాయప్ప అనేటోళ్లు, ఇంటోళ్లు చెప్పినట్ల మీసం, జుట్టు, తలగుడ్డ ఏసేటోడు."

ప్లేటు అంటే ఆ రోజుల్లో ఫిల్ముకు బదులు వాడిన గాజు నెగటివ్. పెద్దాయన యువకుడిగా ఒకసారి గుంతకల్లులో రైలు దిగినప్పుడు స్టూడియో వాళ్లు పిలిచి ఒక ప్లేటు తీశారట. ఆ ప్లేటు ఏమైందని అడిగాను. తర్వాతి రోజుల్లో బాషా తండ్రి పాత ప్లేట్లన్నీ కడిగి, పటాలకు అద్దాలుగా వాడేశాడట. "మా నాయనకు గాజు ముఖ్యం మేడమ్, మొగాలు కాదు" అన్నాడు బాషా.

రిజిస్టరు మాత్రం మిగిలింది. పాత ఫ్రేముల కింద నుంచి లాగి, దులిపి ఇచ్చాడు. గంటన్నర వెతికితే దొరికింది. తాడిపత్రి పక్క ఊరి పేరు, దాని ఎదురుగా ఒకటే వరుస: పోలిక, ప్లేటు 7, మీసం, తలగుడ్డ, ఎడమ కనుబొమ్మ మీద గాటు, భార్య వచ్చినది, మూడు తూర్లు దిద్దినది.

ప్లేటు 7 పేరు ఇంకెక్కడైనా ఉందా అని చూస్తూ పోయాను. పోలిక అన్న మాటతో సహా, దీనితో కలిపి మొత్తం తొమ్మిది చోట్ల ఉంది.

"ఆ మొగం ఎవరికైనా అతుక్కుంటాదని తాత అనేటోడంట" అన్నాడు బాషా. "ఏ మీసం పెట్టినా వద్దనదు."

రైల్లో తిరిగి వస్తూ నా నోటు పుస్తకం తీశాను. ఆయనవి కానే కావని నేను కొట్టేసిన పన్నెండింటిలో రెండు ఈ కుర్చీవే. సింహం తల చెక్కిన చేతుల కుర్చీ అని నా చేత్తోనే రాసుకుని, గడ్డం ఉంది కాబట్టి కాదు అని కొట్టేశాను. అనంతపురం స్టేషన్లో దిగేదాకా నాకు మరో ఆలోచన లేదు. తొమ్మిది ఇళ్లలో తొమ్మిదిమంది తండ్రుల కింద ఒకే మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ సంగతి తెలిసింది ఇద్దరికి, అందులో ఒకతను ఫ్లెక్సీలు చేసుకుంటాడు.

వస్తువుకు నష్టం జరిగితే మూడు పనిదినాల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. మూడో రోజు, 25, గురువారం ప్రసాదరావు గారికి రిపోర్టు ఇచ్చాను. నష్టం, కారణం, బాధ్యత నాది అని మూడు పేరాలు. పోలిక పటం సంగతీ, ప్లేటు నంబరూ రాశాను. ఆ ప్లేటు ఇంకా ఎనిమిది ఇళ్లకు వెళ్లిందని రాయలేదు. నా సర్వీసులో ఒక రిపోర్టులో తెలిసిన విషయం రాయకుండా వదిలింది అదొక్కసారే. ఆ ఊళ్ల పేర్లు ఇక్కడ కూడా రాయను.

ఆయన భూతద్దంతో పుట్టుమచ్చను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నష్టం గురించి ఒక్క మాటా అనలేదు. మిగతా మీసం, తలగుడ్డ, గాటు కూడా జాగ్రత్తగా తీసేసి నవంబరు 25కి హాల్లో మొదటి పటంగా పెట్టండి అన్నారు. ఇది తాత్కాలిక రసీదు మీద ఉన్న వస్తువు, యజమానురాలిది అన్నాను.

ఆయన మొండి మనిషి కాదు. కాసేపు ఆలోచించి అన్న మాటలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి. "తుడవక ముందు మీరు ఫోటో తీశారు కదమ్మా. దాన్ని మంచి కాగితం మీద అంతే సైజులో ప్రింటు వేయించి, కొత్త ఫ్రేము కట్టించి వాళ్లకిద్దాం. దుమ్ము, బూజు లేకుండా ఇంకా బాగుంటుంది. వాళ్ల నాన్న వాళ్లకుంటాడు. మన పెద్దాయన మనకుంటాడు. ఇందులో ఎవరికి నష్టం?"

ఆ ప్రశ్నకు జవాబు నియమాల పుస్తకంలో వెతికాను. నియమం ప్రకారం యజమాని ఒప్పుకుంటే దానపత్రం రాయించుకోవచ్చు. తర్వాతి కాలంలో వేసిన రంగును తీసి అసలు చిత్రాన్ని బయటపెట్టడం మా వృత్తిలో తప్పు కాదు, మెచ్చుకునే పని. ప్రింటు వేయించాను. అది నిజంగానే బాగా వచ్చింది. అయినా ఆ నాలుగు రోజులూ బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండక డబ్బాలో మాత్రలు లెక్కపెట్టుకునేదాన్ని. నన్ను భయపెట్టింది మెమో కాదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి దగ్గరకు వెళ్లి, నువ్వు పుట్టినప్పటి నుంచీ దండ వేస్తున్నది మీ నాయనకు కాదు అని చెప్పాలి. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో కాగితం మీద నాలుగు రకాలుగా రాసుకుని నాలుగూ చించేశాను.

అక్టోబరు 30, మంగళవారం, గడువుకు ఒకరోజు ముందు, పాత పటమూ కొత్త ప్రింటూ రెండూ తీసుకుని వెళ్లాను. సుంకులమ్మ అదే గడప దగ్గర ఉంది. ఆ ఏడు వాన ముఖం చాటేసి పంట సగం కూడా రాలేదు. ఈసారి చేటలో కాయలు తక్కువ, పొల్లు ఎక్కువ. నారాయణ మధ్యాహ్నం షిఫ్టుకు పోవాల్సినవాడు ఆగిపోయాడు.

ముందు కొత్త ప్రింటు చూపించాను. నారాయణ ముఖం వెలిగింది. సుంకులమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని వేలితో రాసి చూసింది. "ఇది యాడిది? మా పటం యాడ?"

పాత పటం తీశాను. ఆమెకు చూపు తక్కువ, అందుకని చెప్పడం మొదలుపెట్టాను. పెద్దమ్మా, ఈ ఫోటో తీసింది మీ నాయనను చూసి కాదు, గుంతకల్లులో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది, అని.

ఆమె నన్ను మధ్యలోనే ఆపింది. "పెద్దాయన ప్లేటు. అదే కదా నువ్వు చెప్పేది?"

పటం ఆమె చేతికిచ్చి, మీకెలా తెలుసని అడిగాను.

"నాకు తెల్దా! మాయమ్మ చెప్పింది. నేను ఎనిమిది నెలల పిల్లప్పుడు పోయినాడు మా నాయన, జరమొచ్చి. నన్ను సంకనేసుకొని పోయింది మాయమ్మ గుంతకల్లుకు. స్టూడియోవాడు ఆరు గాజు ప్లేట్లు ముందర పెట్టినాడంట. పెద్దాయన కూచున్నట్లే కూచునేటోడు మా నాయన, అందుకని అది పట్టుకునింది. ఒళ్లు పెద్దాయనది, కుర్చీ స్టూడియోవానిది. ఊర్లో ముసిలోళ్లకు అందరికీ తెలుసు."

నారాయణ తల్లి వైపు నోరు తెరిచి చూశాడు. అతనికి తెలియదు. "ఏమ్మా, నాకెప్పుడూ చెప్పకపోతివే!"

"నువ్వు ఎప్పుడన్నా అడిగితివా? జేజి తాతా అని చెయ్యెత్తి మొక్కి బడికి పోతివి."

నా గుండెల మీది ఎనిమిది రోజుల బరువు దిగినట్టే అనిపించింది. అప్పుడే ఆమె పటాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుంది. చాలాసేపు చూసింది. చూపుడువేలు పెదవి మీదికి వచ్చి ఆగింది.

"మీసం ఏమాయ?"

శుభ్రం చేస్తుంటే పోయిందని, తప్పు నాదేనని చెప్పాను. కింద ఉన్నది చాలా విలువైన ఫోటో అని, మిగతాది కూడా తీసి హాల్లో పెట్టడానికి మా ఆఫీసరు అనుమతి అడుగుతున్నారని, ఇస్తే బోర్డు మీద ఇంటి పేరు రాస్తారని కూడా చెప్పాను. చెప్పవలసింది కాబట్టి చెప్పాను.

"ఏమ్మే, నీకు బుద్ధుండాదా?" అంది. గొంతు పెద్దది కాలేదు. "ఈ పటంలో మా నాయనది ఉండేదే మూడు. మీసం, తలగుడ్డ, గాటు. మిగతాదంతా పెద్దాయనది, తీస్కో, ఎవురొద్దన్నారు. నువ్వు తుడిసేసింది పెద్దాయనను కాదు. మా నాయనను."

నారాయణ సర్దబోయాడు. కొత్త పటంలో అన్నీ ఉన్నాయి కదమ్మా, బోర్డు మీద మన ఇంటి పేరు కూడా రాస్తారంట, ఇచ్చేద్దాం అన్నాడు.

"నీ పేరు రాపిచ్చుకోవాలంటే ఫ్యాక్టరీ గోడ మీద రాపిచ్చుకో పో" అంది. తర్వాత నా చేయి పట్టుకుని పటం మీదికి లాగింది. నా వేలును కనుబొమ్మ మీది గాటు దగ్గర పెట్టింది. "బండ చిప్ప ఎగిరి తగిలిన గాటు ఇది. యాడుండాదో చెప్తే రంగులాయప్పకు అర్థం కాల్యా. మూడు తూర్లు తప్పుగా పెట్టినాడు. మాయమ్మకు కోపమొచ్చి, రంగులో ఏలు ముంచి, తానే పెట్టింది, ఈడ, అని. ఇది గాటు కాదమ్మా. మాయమ్మ ఏలు. నీ కొత్త పటంలో ఉండాదా అది?"

సంచిలోంచి భూతద్దం తీసి చూశాను. గాటు అంచున సన్నటి గీతలు వంపు తిరిగి ఉన్నాయి. వేలిముద్ర. నేను అక్టోబరు 22న ఈ గీతలను చూశాను. స్థితి పత్రంలో నాలుగో నంబరుగా రాశాను కూడా: 'రంగు తడిగా ఉండగా నిర్లక్ష్యంగా తాకిన గుర్తు, తొలగించవచ్చు.'

ఎవరికి నష్టం అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. దానపత్రం ఫారం సంచిలోనే ఉంచేశాను. పోయిన మీసం మళ్లీ దిద్ది ఇవ్వడానికి రసీదు గడువును యజమానురాలి సమ్మతితో నాలుగు రోజులు పొడిగించి, పటాన్ని వాళ్లింట్లోనే వదిలి వచ్చాను.

నవంబరు 3, శనివారం నీటిరంగులు, ఒకటో నంబరు కుంచె, తుడవక ముందు తీసిన ఫోటో తీసుకుని మళ్లీ వెళ్లాను. మా నియమం ప్రకారం పోయిన భాగాన్ని ఉన్నది ఉన్నట్టే పూరించాలి, సొంత కల్పన ఉండకూడదు. రెండు గంటలు పట్టింది. పాత ఫోటోతో కొలిచి చూశాను. ఎక్కడా తేడా లేదు. సుంకులమ్మ చేతికిచ్చాను.

"కిందికి" అంది.

అర్థం కాలేదు.

"కొన కిందికి దించు. మా నాయన మీసం పైకి మెలేసేటోడు కాదంట. పోలీసోని మాదిరి పైకి తిప్పినాడని మాయమ్మ సచ్చేదాకా తిట్టుకునింది. నాలుగో తూరి దిద్దమని పోతే రంగులాయప్ప తరిమినాడంట. నువ్వు ఎట్లాగూ తుడిస్తివి కదా. దించు."

నియమం ఒప్పుకోదని చెప్పాను. ఒక వైపు పైకి, ఒక వైపు కిందికి ఉంటే పటం చూడటానికి వింతగా ఉంటుందని కూడా చెప్పాను.

"ఆ పక్క రంగులాయప్పది. ఈ పక్క మాయమ్మది" అంది. నారాయణ పకపకా నవ్వేశాడు. ఆమె నవ్వలేదు.

మళ్లీ తడిపి తీసి, కొన నాలుగు మిల్లీమీటర్లు దించి వేశాను. ఆమె చాలని చెప్పేదాకా మూడుసార్లు దిద్దాను. ఆరాక స్థితి పత్రంలో 'యజమానురాలి మౌఖిక సూచన మేరకు కుడి కొన 4 మి.మీ. దించడమైనది' అని రాసి, తేదీ వేసి, ఆమె వేలిముద్ర తీసుకున్నాను.

నవంబరు 5న నాకు మెమో వచ్చింది. ఒక అమూల్యమైన చిత్రాన్ని సంస్థకు సమకూర్చకపోవడానికి కారణం తెలపమని. ఒక పేజీ సంజాయిషీ ఇచ్చాను. వస్తువు యజమాని సమ్మతించలేదు, సమ్మతి లేనిదే తీసుకునే అధికారం క్యురేటరుకు లేదు, చికిత్సలో జరిగిన నష్టానికి పూర్తి బాధ్యత నాది. ప్రసాదరావు గారు ఆ పేజీని ఫైలులో పెట్టించారు, చర్య తీసుకోలేదు. ప్రారంభోత్సవం 31 పటాలతోనే జరిగింది. హాల్లో పెద్దాయన యాభై ఏళ్ల వయసుతో మొదలవుతాడు. వచ్చినవారు చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదా అని అడుగుతుండేవారు. ఈ భవనంలో లేదు అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు.

2019 ఆగస్టు 31న రిటైరయ్యాను. ఈ ఉదంతం నేర్పింది రెండు విషయాలు. తడిపరీక్ష మూలలో ఒకచోట చేస్తే చాలదు. పటంలో ఎన్ని రంగులుంటే అన్నిచోట్లా వేరువేరుగా చేయాలి, ముఖం మీద నలుపు కనిపిస్తే రంగు కాదని తేలేదాకా దాన్ని రంగు అనే అనుకోవాలి. ఇది ప్రతి చేతిపుస్తకంలోనూ ఉంది, నేను చదివాను, ఇతరులకు బోధించాను, అయినా తప్పాను. రెండోది ఏ చేతిపుస్తకంలోనూ నాకు కనపడలేదు. అసలు చిత్రం మీద ఎవరో తర్వాత చేర్చినదాన్ని మా వృత్తిలో మలినాల లెక్కలో వేస్తాం. ముప్పై మూడేళ్లు నేనూ అలాగే వేశాను. ఆ పటం తిరిగి ఇచ్చేటప్పుడు స్థితి పత్రంలో 'తర్వాతి చేర్పులు' అనే గడి ఖాళీగా ఉంది. అందులో 'లేవు' అని రాసి సంతకం పెట్టాను.